న్యూయార్క్ చీకటి గదుల్లో డెన్మార్క్ వడ్రంగి

ఎటు కొలిచినా పదమూడు అడుగులు లేని గది. అందులో పన్నెండు మంది. ఇద్దరు ముగ్గురు గోడకు కొట్టిన చెక్క బల్లల మీద, మిగతావాళ్లు కింద మూటల్లా. ఒక మూల పొయ్యి, దాని పక్కనే వంట సామాను, బట్టలు, బూట్లు. మనిషికి రాత్రికి ఐదు సెంట్లు అద్దె. ఇది 1889 ప్రాంతంలో న్యూయార్క్ నగరం బయార్డ్ స్ట్రీట్‌లో తీసిన ఫొటోలోని దృశ్యం. దుబాయ్‌లోనో కువైట్‌లోనో బెడ్ స్పేస్ తీసుకుని ఉన్నవాళ్లకి, న్యూజెర్సీలో వచ్చిన కొత్తలో ఆరుగురితో ఒకే ఫ్లాట్ పంచుకున్నవాళ్లకి ఆ ఫొటోని ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. చూడగానే తెలిసిపోతుంది.

ఆ ఫొటో తీసినాయన పేరు జాకబ్ రీస్. అమెరికాలో పుట్టినవాడు కాదు. మనలాగే పొట్ట చేత పట్టుకుని ఓడెక్కి వచ్చినవాడు. చేతిలో ఉన్నది వడ్రంగం పని. పోలీస్ స్టేషన్ నేల మీద పడుకున్న మనిషే తర్వాత అధ్యక్షుడు కాబోయే రూజ్వెల్ట్‌ను వెంటబెట్టుకుని అర్ధరాత్రి నగరం తిప్పాడు. కార్మికుడి గదికి కిటికీ ఉండి తీరాలన్న చట్టం రావడానికి కారకుల్లో ఒకడయ్యాడు. ఆయన బతుకు మనం ఒకసారి తిరగేసి చూడదగ్గది.

రీబె నుంచి రాజధానికి

జాకబ్ 1849 మే 3న డెన్మార్క్‌లోని రీబె పట్టణంలో పుట్టాడు. ఆ దేశంలోకెల్లా పాత ఊరది. తండ్రి బడిపంతులు, స్థానిక పత్రికకు రాస్తుండేవాడు. ఇంట్లో పెంచుకున్న పిల్లతో కలిపి పదిహేను మంది పిల్లలు. జాకబ్ మూడోవాడు. పంతులు జీతం, పదిహేను కంచాలు! ఆ ఇంటి లెక్క ఎలా ఉండేదో మనకు తెలియనిది కాదు.

ఊరి చివర కటిక పేదలుండే ఒక పాడు కొంప ఉండేది. ఒక క్రిస్మస్‌కి ఇంట్లో ఇచ్చిన నాణెం పట్టుకెళ్లి జాకబ్ అక్కడున్న ఒక కుటుంబానికి ఇచ్చేశాడు. ఊరికే కాదు, ఇల్లు వాకిలి శుభ్రం చేసుకోవాలన్న షరతు మీద. పేదవాడి గది బాగుంటే పేదవాడి బతుకు బాగుంటుందన్న నమ్మకం అప్పుడే మొలకెత్తినట్టుంది. ఆ నమ్మకంలోని మంచీ, అందులోని పెత్తనం పాలూ రెండూ ఆయనతో చివరిదాకా వచ్చాయి.

కొడుకు చదివి రాతగాడు కావాలని తండ్రి ఆశ. కొడుకేమో ఉలి, బాడిసె పట్టుకుంటానన్నాడు. పని నేర్చుకునే రోజుల్లోనే ఆ ఊరి మిల్లు యజమాని పెంపుడు కూతురు ఎలిజబెత్ మీద మనసు పడ్డాడు. కలవారి పిల్ల ఎక్కడ, వడ్రంగి కుర్రాడెక్కడ? ఊరంతా గుసగుసలు. ఇక అక్కడ ఉండలేక పని పూర్తిగా నేర్చుకునే పేరుతో రాజధాని కోపెన్‌హేగెన్ బయల్దేరాడు.

కోపెన్‌హేగెన్ వాడలు

అప్పటి కోపెన్‌హేగెన్ చూడదగ్గ నగరం. న్యూహౌన్ కాలవ గట్టున ఓడ సరుకులు, నావికుల సత్రాలు. 1631లో కట్టడం మొదలుపెట్టిన న్యూబోదర్‌లో నౌకాదళం వాళ్ల కోసం బారులు తీరిన చిన్న ఇళ్లు. నీళ్లకు అవతల క్రిస్టియన్స్‌హౌన్. 1843లో తెరిచిన టివోలి ఉద్యానవనం. చుట్టూ కోట గోడలు, వాటి మధ్య ఒకదాని మీద ఒకటి ఎక్కినట్టు ఉన్న పేదల వాడలు.

ఆ ఇరుకు నగరానికి పెద్ద శిక్షే వేసింది. 1853లో కలరా వచ్చి కొద్ది నెలల్లో దాదాపు ఐదు వేల మంది పోయారు. దెబ్బకి పాలకులు కళ్లు తెరిచారు. కోట ద్వారాలు కూల్చేశారు, గోడ బయట ఇళ్లు కట్టుకోనిచ్చారు. డాక్టర్ల సంఘం ఊరి బయట ఓస్టర్‌బ్రో వైపు పేదల కోసం గాలీ వెలుతురూ వచ్చేలా పొట్టి ఇళ్ల వరసలు కట్టించింది. బ్రుమ్లెబీ అని పిలిచే ఆ వాడ 1857కి మొదటి విడత పూర్తయింది. ఇప్పటికీ జనం అందులో కాపురముంటున్నారు. 1865లో అక్కడి కార్మికులే ఇళ్ల సంఘం పెట్టుకున్నారు. తర్వాత ఆ సంఘం కట్టిన బంగాళాదుంప వరసలనే వీధులు ఇవాళ నగరంలో ఖరీదైన ఇళ్ల కిందకొస్తాయి. కూలివాడి కోసం కట్టిన ఇంటికి ఇప్పుడు డబ్బున్నవాళ్లు ఎగబడుతున్నారు!

జాకబ్ పని నేర్చుకున్నది సరిగ్గా ఈ మార్పు జరుగుతున్న రోజుల్లోనే. గోడలు పగిలి, కొత్త వాడలు లేస్తున్న నగరంలో వడ్రంగికి చేతి నిండా అనుభవమే.

రాజధానిలో మొదటి రోజు ముచ్చట ఒకటి ఆయన తర్వాత తన ఆత్మకథలో చెప్పుకున్నారు. అక్కడే చదువుకుంటున్న అన్నని షార్లొటెన్‌బోర్ భవనంలోని చిత్ర ప్రదర్శన దగ్గర కలవాలి. పల్లెటూరి కుర్రాడు దారి తప్పి వేరే మెట్లెక్కాడు. ఎదురొచ్చిన ఒక పెద్దమనిషి ఎవరబ్బాయివి, ఏ ఊరు అని ఆప్యాయంగా అడిగి దారి చూపించాడు. అన్నకి చెబితే నవ్వు ఆపుకోలేకపోయాడు. ఆ పెద్దమనిషి సాక్షాత్తూ డెన్మార్క్ రాజు తొమ్మిదో క్రిస్టియన్.

నలభై డాలర్లు, ఒక తుపాకీ

పంతొమ్మిదేళ్లకు, 1868లో, పనివాడిగా ఊరికి తిరిగొచ్చాడు. ఊళ్లో పని లేదు. 1864 యుద్ధంలో ఓడి డెన్మార్క్ దక్షిణ భాగం పోగొట్టుకుంది. సరిహద్దు రీబె పక్కకొచ్చేసింది. పైగా ఎలిజబెత్ కాదనేసింది. ఇక ఉండి ఏం చేయాలి? గ్లాస్గోలో ఓడెక్కి 1870 జూన్ 5న న్యూయార్క్‌లో దిగాడు. వయసు 21. జేబులో మిత్రులు పోగుచేసిచ్చిన నలభై డాలర్లు, మెడలో ఎలిజబెత్ వెంట్రుకలున్న బంగారు లాకెట్.

దిగగానే చేసిన మొదటి పని వింటే నవ్వొస్తుంది. అమెరికా అంటే అడవి మృగాలు, దోపిడీ దొంగలు అనుకుని ఉన్న డబ్బులో సగం పెట్టి రివాల్వర్ కొన్నాడు. నడుముకి కట్టుకుని దర్జాగా వీధిలో నడుస్తుంటే ఒక పోలీసాయన ఆపి, దాన్ని ఇంట్లో పెట్టుకోమని మంచిగా చెప్పి పంపాడు. ఊరు దాటకముందు మనం విన్న కథలు, దిగాక కనపడే నిజం ఎప్పుడూ ఒకటి కావు కదా.

అక్కణ్ణుంచి పెన్సిల్వేనియాలోని ఒక ఇనుప కర్మాగారం దగ్గర గని కార్మికులకు గుడిసెలు కట్టే పనికి వెళ్లాడు. బొగ్గు గనిలోకి కూడా దిగాడు కానీ ఒక్క రోజుతో చాలనుకున్నాడు. అంతలో ఫ్రాన్స్, ప్రష్యాల మధ్య యుద్ధం మొదలైంది. తన దేశాన్ని కొట్టినవాళ్ల మీద పోరాడదామని ఉన్న పని వదిలేసి న్యూయార్క్ పరిగెత్తాడు. ఎవరూ చేర్చుకోలేదు. తుపాకీ తాకట్టుకి పోయింది, బూట్లూ పోయాయి. ఇటుక బట్టీలో కొన్నాళ్లు చేశాడు. పొలాల్లో రాలిన యాపిల్ కాయలు తిన్నాడు, సమాధుల మధ్య పడుకున్నాడు.

పోలీస్ స్టేషన్‌లో ఒక రాత్రి

ఆ రోజుల్లో న్యూయార్క్‌లో ఇల్లు లేనివాళ్లు రాత్రి పోలీస్ స్టేషన్‌లో పడుకోవచ్చు. చెక్క పలకే పరుపు. వర్షంలో తడిసి ముద్దయిన రీస్ చర్చి స్ట్రీట్ స్టేషన్‌కి వెళ్లాడు. వెంట ఒక వీధి కుక్క. ఆ ఊళ్లో అతనికున్న ఏకైక నేస్తం అదే. దాన్ని లోపలికి రానివ్వలేదు. రాత్రి మెలకువ వచ్చి చూసుకుంటే మెడలో లాకెట్ లేదు. ఎవరో కొట్టేశారు. ఫిర్యాదు చేస్తే సార్జెంట్ నమ్మలేదు. దరిద్రుడి దగ్గర బంగారమెక్కడిది, నువ్వే దొంగిలించి ఉంటావన్నట్టు మాట్లాడి బయటికి గెంటించాడు. గుమ్మం దగ్గర యజమాని కోసం ఎదురుచూస్తున్న కుక్క గెంటుతున్న పోలీసు మీదికి వెళ్లింది. ఆ పోలీసు దాన్ని మెట్లకేసి కొట్టి చంపేశాడు.

దొంగతనానికి గురైనవాడే దొంగ అనిపించుకోవడం, భాష రాక, మనిషి తోడు లేక నోరు కట్టేసినట్టవడం పరాయి దేశంలో పనిచేసేవాళ్లలో ఎంతోమందికి అనుభవమే. రీస్ ఆ రాత్రిని పాతికేళ్లు మనసులో దాచుకున్నారు. మర్చిపోలేదు.

చేతిలో మిగిలిన పట్టు రుమాలు ఇచ్చి పడవ దాటి, నడిచి నడిచి ఫిలడెల్ఫియా చేరాడు. అక్కడి డెన్మార్క్ కాన్సుల్ దంపతులు రెండు వారాలు ఇంట్లో పెట్టుకుని కడుపు నింపి, బట్టలిచ్చి, పని దొరికే చోటుకి పంపారు. మన కాన్సులేట్ల గురించి మాట్లాడుకునేటప్పుడు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఒక దేశపు ప్రతినిధి రెండు వారాలు అన్నం పెట్టడం వల్ల ఒక జీవితం నిలబడింది.

మల్బరీ స్ట్రీట్ రిపోర్టర్

ఆ తర్వాత రకరకాల పనులు. వడ్రంగం, కూలి, ఇస్త్రీ పెట్టెలు అమ్మడం. మోసాలు కూడా చవిచూశాడు. 1873లో న్యూయార్క్‌లో ఒక వార్తా సంస్థలో చిన్న రిపోర్టర్ పని దొరికింది. తండ్రి కోరిక అలా దొడ్డిదారిన నెరవేరింది. బ్రూక్లిన్‌లో ఒక వారపత్రికకు సంపాదకుడై, చేతిలో ఉన్న 75 డాలర్లు ఇచ్చి మిగతాదానికి నోట్లు రాసి దాన్నే కొనేశాడు. లాభానికి అమ్మాడు కూడా.

ఇంతలో రీబె నుంచి కబురు. ఎలిజబెత్‌కి నిశ్చయమైన సైనికాధికారి చనిపోయాడు. రీస్ మళ్లీ ఉత్తరం రాశాడు. ఈసారి ఆమె ఒప్పుకుంది. 1876 మార్చి 5న రీబెలోనే పెళ్లి. వడ్రంగి కుర్రాడని నవ్విన ఊరే అక్షింతలు వేసినంత సంబరపడింది.

1877లో ట్రిబ్యూన్ పత్రిక ఆయన్ను పోలీస్ రిపోర్టర్‌గా తీసుకుంది. ఆఫీసు మల్బరీ స్ట్రీట్‌లో, పోలీసు ప్రధాన కార్యాలయానికి ఎదురుగా. చుట్టుపక్కలే న్యూయార్క్‌లోకెల్లా దరిద్రపు వాడలు. పని రాత్రి పూట. తెల్లవారుజామున పని ముగిశాక బండెక్కి ఇంటికి పోకుండా ఆ సందుల గుండా నడిచి వెళ్లేవారు.

ఆ ఇళ్ల సంగతి చెప్పుకోవాలి. 25 అడుగుల వెడల్పు, 100 అడుగుల పొడవు స్థలం. అందులో ఐదారు అంతస్తులు. అంతస్తుకి నాలుగు వాటాలు. వీధి వైపు గదికి, పెరటి వైపు గదికి మాత్రమే కిటికీ. మధ్య గదులు పగలు కూడా చీకటి కొట్లు. మరుగుదొడ్లు పెరట్లో, ఇంటిల్లిపాదికీ అవే. అదే గదిలో కుట్టుపని, అదే గదిలో చంటిపిల్ల, అదే గదిలో క్షయ రోగి. ఇటలీ నుంచి, రష్యా నుంచి, ఐర్లాండ్ నుంచి, చైనా నుంచి వచ్చినవాళ్లే ఎక్కువ. రీస్ ఏళ్ల తరబడి రాశారు. చదివినవాళ్లు అయ్యో అన్నారు, పేజీ తిప్పేశారు.

పెనం మీద వెలుగు

అక్షరం కదిలించలేనిది బొమ్మ కదిలిస్తుందేమోనని ఆలోచన. కానీ చీకటి గదిని ఫొటో తీయడమెలా? 1887లో పేపర్లో నాలుగు లైన్ల వార్త కంటపడింది. జర్మనీలో మెగ్నీషియం పొడితో క్షణకాలం మెరిసే వెలుగు తయారుచేశారని. ఆరోగ్య శాఖలో పనిచేసే మిత్రుణ్ని, ఫొటోలు సరదాగా తీసే ఇద్దర్ని వెంటబెట్టుకుని అర్ధరాత్రి బయల్దేరారు.

మొదట్లో ఆ పొడిని పిస్తోలు లాంటి దానితో పేల్చేవాళ్లు. నిద్రలో ఉన్నవాళ్లు ఉలిక్కిపడి కిటికీలోంచి దూకినంత పని చేసేవాళ్లు. దాంతో పిస్తోలు మానేసి వంటింటి పెనం మీద పొడి పోసి అంటించడం మొదలుపెట్టారు. ఒకటి రెండుసార్లు ఇళ్లకు నిప్పంటుకుంది. ఒకసారి ఆయన కళ్లే పోవాల్సింది. 1888లో సొంత కెమెరా కొన్నారు.

ఫొటోలు అద్దపు పలకల మీద చేయించి, తెర మీద పెద్దవి చేసి చూపిస్తూ చర్చిల్లో ఉపన్యాసాలిచ్చారు. 1890 నవంబరులో పుస్తకం వచ్చింది. పేరు హౌ ది అదర్ హాఫ్ లివ్స్. అవతలి సగం ఎలా బతుకుతోందన్నది దాని అర్థం. ఐదు సెంట్ల గది ఆ పుస్తకంలోదే. కలవారి బల్ల మీదికి పేదవాడి గది వచ్చి కూర్చుంది.

1891 ఆగస్టులో ఇంకో పని చేశారు. నగరం తాగే నీటిలో నైట్రైట్ల జాడ ఉందని ఆరోగ్య శాఖ ప్రకటనలో ఒక చిన్న ముక్క చదివి, అదేమిటో డాక్టర్ని అడిగి తెలుసుకుని, కెమెరాతో క్రోటన్ నీళ్లొచ్చే దారి వెంట రోజుల తరబడి తిరిగారు. ఊళ్ల మురుగు నేరుగా ఆ నీళ్లలో కలుస్తున్న ఫొటోలు పత్రికలో వేయించారు. ఆ తర్వాత నగరం ఆ నీటి పక్క భూములు కొని కాపాడుకుంది. కోపెన్‌హేగెన్ కలరా చావుల తర్వాత నేర్చుకున్న పాఠం న్యూయార్క్ కూడా నేర్చుకుంది.

అర్ధరాత్రి తిరుగుళ్లు

పుస్తకం చదివిన వాళ్లలో థియొడోర్ రూజ్వెల్ట్ ఒకరు. రీస్ ఆఫీసుకు వచ్చి, ఆయన లేకపోతే, పుస్తకం చదివాననీ సాయం చేయడానికి వచ్చాననీ చీటీ పెట్టి వెళ్లారు. 1895లో రూజ్వెల్ట్ పోలీసు బోర్డు అధ్యక్షుడయ్యాక ఇద్దరూ కలిసి రాత్రిళ్లు నగరం తిరిగారు. మొదటి రాత్రే పదిమంది కానిస్టేబుళ్లలో తొమ్మిది మంది గస్తీలో లేరని తేలింది. ఇంకో రాత్రి రీస్ ఆయన్ను చర్చి స్ట్రీట్ స్టేషన్‌కి తీసుకెళ్లి, తాను పడుకున్న చోటు చూపించి, లాకెట్ సంగతి, కుక్క సంగతి చెప్పారు. 1896 ఫిబ్రవరిలో స్టేషన్లలో ఆ పడక గదులన్నీ మూతపడ్డాయి.

మల్బరీ బెండ్ అనే వాడ మీద కూడా ఆయన పట్టు విడవలేదు. ఆ ఇళ్లన్నీ కూల్చి 1897లో పార్కు తెరిచారు. తమాషా ఏమిటంటే ప్రారంభోత్సవానికి ఆయనకు పిలుపే లేదు. జనంలో ఒకడిగా వెళ్లి నిలబడ్డారు. పారిశుధ్య శాఖ అధికారి వేదిక మీద ఆయన పేరు చెప్పగానే జనం హర్షధ్వానాలు చేశారు. 1901లో కొత్త ఇళ్ల చట్టం వచ్చింది. కొత్తగా కట్టే ప్రతి గదికీ బయటికి కిటికీ, ప్రతి వాటాకీ మరుగుదొడ్డి ఉండాలి. పాత ఇళ్ల చీకటి గదులకు కూడా గోడ కొట్టి వెలుతురు దారి పెట్టాలి. చట్టం రాసింది వేరేవాళ్లు. దానికి జనాన్ని సిద్ధం చేసిన వాళ్లలో రీస్ ముందుంటారు.

చెప్పక తప్పని సంగతి

ఇంత చేసిన మనిషిలో లోపం లేదా అంటే ఉంది. ఆయన పుస్తకంలో చైనావాళ్ల గురించి రాసిన మాటలు ఇవాళ చదివితే ఒళ్లు మండుతుంది. యూదుల్ని డబ్బు మనుషులన్నట్టు, ఇటలీ వాళ్లని మురికిలోనే సుఖపడేవాళ్లన్నట్టు రాశారు. తానూ వలస వచ్చినవాడే. అయినా ఉత్తర ఐరోపా నుంచి తెల్ల చర్మంతో వచ్చినవాడికి దారి తొందరగా దొరికిందన్న సంగతి ఆయనకు తట్టినట్టు లేదు. ముందు వచ్చిన వలస కార్మికుడు వెనక వచ్చినవాణ్ని చులకన చేయడం ఆనాటితో పోలేదు. మన క్యాంపుల్లోనూ పక్క రాష్ట్రం వాణ్ని, పక్క దేశం వాణ్ని ఏ మాటలంటున్నామో మనకి తెలుసు.

ఇంకోటి. నిద్రపోతున్నవాళ్ల గదిలోకి అర్ధరాత్రి అడగకుండా చొరబడి, వాళ్ల ముఖాల మీద మంట వెలిగించి తీసిన ఫొటోలవి. ఆ పన్నెండు మంది పేర్లు ఎవరూ రాసుకోలేదు. వాడ కూల్చితే పార్కు వచ్చింది, నిజమే. ఇల్లు పోయినవాళ్లకి మాత్రం నగరం ఇంకో ఇల్లు కట్టివ్వలేదు. న్యూయార్క్‌లో ప్రభుత్వం కట్టిన మొదటి ఇళ్లు 1935లో గానీ తెరుచుకోలేదు. మంచి చేసేవాడు ముందు ఎవరికి చేస్తున్నాడో వాళ్లని అడగాలి. కోపెన్‌హేగెన్ కార్మికులు సంఘం పెట్టుకుని ఇళ్లు కట్టుకున్నారు. న్యూయార్క్ కార్మికుల తరఫున ఒక రిపోర్టర్ మాట్లాడాడు. ఈ రెండింటికీ తేడా ఉంది.

ఏ దేశం వాడు?

తర్వాతి కాలంలో స్వదేశం వెళ్లినప్పుడు రీస్ జబ్బుపడి హెల్సింగోర్ సముద్రతీరంలో మంచం పట్టారు. కిటికీలోంచి చూస్తుంటే అమెరికా జెండా కట్టిన ఓడ ఒకటి దాటిపోయింది. మంచం మీద లేచి కూర్చుని ఏడ్చారట. తాను అమెరికన్‌నైపోయానని అప్పుడు తెలిసిందని 1901లో వచ్చిన ఆత్మకథలో చెప్పుకున్నారు. అదే రోజుల్లో, ఒకప్పుడు మెట్ల మీద దారి చూపిన రాజు క్రిస్టియన్ ఆయనకు డెన్మార్క్ గౌరవ పతకం ఇచ్చారు. రెండు దేశాలూ మావాడన్నాయి. రెండు చోట్లా పరాయివాడిగా మిగిలేవాళ్లే ఎక్కువైన వలస బతుకులో అది అరుదైన భాగ్యం.

1905లో ఎలిజబెత్ చనిపోయింది. 1907లో మేరీ ఫిలిప్స్‌ను పెళ్లాడి మసాచుసెట్స్‌లోని బారే అనే ఊళ్లో పొలం కొనుక్కున్నారు. 1914 మే 26న అక్కడే కన్నుమూశారు. సమాధి మీద పేరు కూడా చెక్కలేదు. ఒక మొరటు బండరాయి, అంతే.

వెళ్లి చూడాలంటే

జెర్సీ సిటీలో ఉండేవాళ్లు పాత్ రైలెక్కి వరల్డ్ ట్రేడ్ సెంటర్‌లో దిగితే పక్కనే చర్చి స్ట్రీట్. అక్కణ్ణుంచి చైనాటౌన్ వైపు నడిస్తే కొలంబస్ పార్క్ వస్తుంది. అదే ఒకప్పటి మల్బరీ బెండ్. ఇవాళ చైనా పెద్దలు చదరంగం ఆడుకుంటూ కనిపిస్తారు. ఆయన తక్కువ చేసి రాసినవాళ్ల మనవల తరాలే ఆయన తెచ్చిన పార్కును నిలబెట్టాయి. ఒక పక్క బయార్డ్ స్ట్రీట్. ఆర్చర్డ్ స్ట్రీట్‌లో టెనెమెంట్ మ్యూజియం ఉంది. చీకటి గది గోడకి తర్వాత కొట్టిన లోపలి కిటికీలు అక్కడ చూడొచ్చు.

ఆయన కాపురమున్న రిచ్‌మండ్ హిల్ క్వీన్స్‌లో ఉంది. ఇవాళ అక్కడ పంజాబీలు, గయానా నుంచి వచ్చిన భారత సంతతి వాళ్లు ఎక్కువ. ఆ ఇంటి అటకమీదే ఆయన అద్దపు నెగెటివ్‌లు ఏళ్ల తరబడి దుమ్ము పట్టి పడి ఉన్నాయి. అలెగ్జాండర్ ఆలండ్ అనే ఫొటోగ్రాఫర్, అతనూ వలస వచ్చినవాడే, వెతికించి బయటికి తీయించి 1947లో ప్రదర్శన పెట్టించాడు. ఇల్లు 1973లో కూల్చేశారు. ఫొటోలు మిగిలాయి.

మనలో చాలామంది ఇంటికి ఫోన్ చేసినప్పుడు గది సంగతి చెప్పం. బాగుంది, ఏసీ ఉంది అంటాం. ఫొటో పంపినా మాల్ ముందు నిలబడిందే పంపుతాం. రీస్ కథలో మనం తీసుకోవలసింది ఒకటుంటే, గది ఎలా ఉందో నిజం చెప్పుకోవడం. కాకపోతే ఈసారి ఆ ఫొటో పక్కన పన్నెండు మంది పేర్లూ ఉండాలి.